పొదలకూరు రోడ్డు విత్తనాల కొట్టు: పెద్దాయన ఉన్నప్పుడే వెళ్ళండి

మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నామని తెలిసినప్పటి నుంచి చుట్టాలు, మా వీధి వాళ్ళు అడిగేది ఒకటే: "సామాను యాడ కొన్నావు?" ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. నెల్లూరులో పొదలకూరు రోడ్డు మీద ఒక విత్తనాల కొట్టుంది. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఏళ్ళయింది, ఎవరూ పేరు పెట్టి పిలవరు. ముందు ఎరువుల బస్తాలు, పక్క రేకుల షెడ్డులో నారు ట్రేలు, వెనక గదిలో మొక్కలు పెంచే గ్రో బ్యాగులు, ఎండ తగ్గించే షేడ్ నెట్ చుట్టలు, పైపులు. కౌంటర్లో తండ్రీ కొడుకులు కూర్చుంటారు. కొడుకు అమ్ముతాడు. తండ్రి ముందు ప్రశ్నలేస్తాడు, ఆ తర్వాత అమ్మాలో వద్దో తేలుస్తాడు. నేను చెప్పేదాంట్లో సగం ఆ తేడా గురించే.

మాది వేదాయపాళెంలో మామయ్య కట్టించిన పాత ఇల్లు. ఉగాదికి కాస్త ముందు గ్రో బ్యాగుల కోసం వెళ్తే పెద్దాయన బ్యాగు చూపించలేదు. "మిద్దె ఎన్నేళ్ళదమ్మా? కారతా ఉందా?" అన్నాడు. పాతికేళ్ళ పైమాటే, వానలప్పుడు హాల్లో ఒక మూల చెమ్మ దిగుద్దని చెప్పా. "అయితే ఇప్పుడొద్దు తల్లీ. ఈ ఎండల్లో మిద్దె బాగు చేయించుకో. పైన మట్టి పెట్టినాక పగుళ్ళు కనపడవు. కార్తీకంలో కారడం మొదలైతే బ్యాగులు దించలేవు, పిలిస్తే మేస్త్రీ రాడు" అని పంపేశాడు. డబ్బులు పట్టుకుని వచ్చిన మనిషిని వట్టి చేతులతో తిప్పి పంపిన కొట్టు ఈ ఊళ్ళో నాకింకోటి తెలియదు.

ఆయన మాటకు కారణం ఉంది. మనకు అసలు వాన జూన్‌లో రాదు. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాలకే పడుద్ది. వాయుగుండాలు, తుపాన్లు వచ్చేదీ అప్పుడే. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోరు. ఇంటి పనులు చేసుకోను మనకు దొరికే పొడి కాలం ఎండాకాలమే. పగుళ్ళను ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, నింపి, పైన వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు వేయించాం. శ్లాబు బాగా ఎండి ఉండాలి, తేమ మీద పూత వేస్తే పొక్కులొచ్చి లేచిపోద్ది. నీళ్ళు పోయే గొట్టాల దగ్గర వాటం కూడా అప్పుడే సరిచేయించాం. ఈ పని వేరే మేస్త్రీతో చేయించుకున్నాం, కొట్టుకు పైసా రాలేదు. సలహా మాత్రం అక్కడిదే.

బరువు సంగతి మా తమ్ముడు చెప్పాడు. వాడు సివిల్ ఇంజనీరు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల దాకా అదనపు బరువు లెక్కేసి డిజైన్ చేస్తారట. 15 అంగుళాల ఎత్తు, 15 అంగుళాల వెడల్పు ఉండే బ్యాగు నిండా ఎర్రమట్టి నింపి నీళ్ళు పోస్తే 70 కిలోలు తూగుద్ది. అలాంటివి నాలుగు పక్కపక్కన పెడితే లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. అందుకే మట్టి తగ్గించి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మి కంపోస్టు (వానపాముల ఎరువు) కలపడం, బ్యాగుల్ని మిద్దె నడిమధ్యన కాకుండా గోడల మీద, దూలాల మీద వచ్చేట్టు సర్దడం. "నీకు మిద్దె కింద గోడలు యాడ వస్తాయో తెలుసా?" అని కొట్లో పెద్దాయన కూడా అడిగాడు. కొడుకు మాత్రం ఫోన్లో ఫొటో చూపించి "అక్కా, ఇట్టా మొత్తం పరిచేయొచ్చు" అన్నాడు.

ఇక సామాను. గ్రో బ్యాగులు ఇక్కడ బాగుంటాయి, నిస్సందేహంగా కొనండి. ఆకుపచ్చ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) బ్యాగు, 15 అంగుళాలది నేను కొన్నప్పుడు 85 రూపాయలు. ఆన్‌లైన్లో ఇదే సైజు 45కు కూడా కనిపిస్తుంది. తేడా చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. మందం జీఎస్ఎం లెక్కలో, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుద్దో చెప్తారు, ఇక్కడివి 240. అంతకన్నా ముఖ్యం కుట్టు. పెద్దాయన ఒక బ్యాగు తిరగేసి అడుగున కుట్టు మీద గోరుతో గీకి చూపించాడు. మామూలు తెల్లదారంతో కుట్టినవి రెండు ఎండాకాలాలకు దారం పిండైపోయి అడుగు ఊడిపోద్దట, బ్యాగు గుడ్డ గట్టిగానే ఉన్నా. వీళ్ళ దగ్గర ఎండకు తట్టుకునే నైలాన్ దారం కుట్టినవి ఉంటాయి, అడిగి తీసుకోండి. రెండు రకాలూ ఒకే గుట్టలో ఉంటాయి, రేటూ ఒకటే. కొడుకు ఉన్నప్పుడు మీరే తిరగేసి చూసుకోవాలి. మా ఎదురింటివాళ్ళు ఆన్‌లైన్లో తెప్పించినవి రెండో వేసవికే పీలికలయ్యాయి.

కోకోపీట్ అయిదు కిలోల ఇటుక 190 రూపాయలు. నీళ్ళలో వేస్తే ఉబ్బి 70 లీటర్ల దాకా అవుద్ది, తొట్టి చిన్నదైతే పొంగి నేలపాలవుద్ది. కొబ్బరి పీచుకు ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టిన నీళ్ళు ఒకటి రెండుసార్లు వంపేసి పిండాలి. ఈ మాట ఇటుక కవరు మీద రాసి లేదు, పెద్దాయన నోటిమాటే. వర్మి కంపోస్టు కిలో 14. ఆయన బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి మన ముక్కు దగ్గర పెడతాడు. కుళ్ళు వాసన రాకూడదు, తొలకరి చినుకు పడ్డ మట్టి వాసన రావాలి. నేనున్నప్పుడే ఒక బస్తా వాసన నచ్చక పక్కకు నెట్టేశాడు. వేపపిండి కూడా అక్కడే తీసుకున్నా.

కొనకూడనిది వాళ్ళ రెడీమేడ్ మట్టి మిశ్రమం. సంచి మీద రంగురంగుల టమోటాల బొమ్మ ఉంటుంది, లోపల ముప్పాతిక వంతు కోకోపీటే. మా చెల్లెలు కొనింది. నెల తిరగ్గానే బ్యాగులో సగానికి కుంగిపోయి, మొక్కలు పాలిపోయి నిలబడ్డాయి. రెట్టింపు డబ్బులు పెట్టి అది కొనేబదులు మూడో వంతు ఎర్రమట్టి, మూడో వంతు కోకోపీట్, మూడో వంతు కంపోస్టు మనమే కలుపుకుంటే చాలు. బ్యాగుకు రెండు గుప్పెళ్ళు వేపపిండి, కొంచెం ట్రైకోడెర్మా పొడి (వేరు తెగుళ్ళను అణిచే మేలు బూజు). కలపడానికి ఒక పొద్దు పడుద్ది, నడుము పడిపోద్ది, అంతే.

కొనకూడనిది ఇంకొకటి "ఫ్యామిలీ కిట్". ఇది కొడుకు ఐడియా. 4,999 రూపాయలకు ఇరవై బ్యాగులు, పైన చెప్పిన మిశ్రమం, చేతులకు తొడుగులు, చిన్న స్ప్రే బాటిలు, పది విత్తనాల ప్యాకెట్లు. ఆ ప్యాకెట్లలో ఏమున్నాయో చూడండి: బ్రకోలీ, లెట్యూస్, ఎర్ర కాప్సికమ్, కాలీఫ్లవర్. ఏప్రిల్‌లో, నెల్లూరులో! ప్యాకెట్ల వెనక మొలక పరీక్ష తేదీ చూస్తే ఏడాది దాటింది. ఇదేందని పెద్దాయన్ని అడిగా. "ఎండల్లో కాలీఫ్లవర్ గింజ కొనేవాళ్ళుంటే నేనేం చేసేది తల్లీ" అన్నాడు, కొడుకు వినేట్టుగానే. కొడుకు వినపడనట్టు ఫోన్ చూసుకున్నాడు.

విత్తనాలు మాత్రం విడిగా, అడిగి కొనండి. ఆ కొట్టుకు అసలు విలువ అక్కడే ఉంది. ప్యాకెట్ మీద మొలకశాతం, పరీక్ష చేసిన తేదీ ఉండాలి. పరీక్ష చెల్లుబాటు మామూలుగా తొమ్మిది నెలలే. బెండకైతే కనీసం 65 శాతం, వంగ, టమోటాలకు 70 శాతం మొలకెత్తాలని ప్రమాణం. విడి గింజలు అడిగితే పెద్దాయన తడిగుడ్డలో చుట్టి చూసుకోమని పది గింజలు ఊరికే ఇస్తాడు. ఏడు మొలిస్తే వచ్చి కొనుక్కో, లేకపోతే రావద్దు అంటాడు. గులాబీ రంగు పూసిన గింజలు మందు పట్టించినవి, చెయ్యి కడుక్కోవాలి, పిల్లలకు అందకుండా పెట్టాలి.

బెండలో ఆయన ఇచ్చేది అర్క అనామిక. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యానవన పరిశోధనా సంస్థ తెచ్చిన రకం. బెండకు మన దగ్గర పెద్ద పీడ పల్లాకు తెగులు. ఆకు ఈనెలు పసుపెక్కి, కాయలు తెల్లగా పాలిపోయి గొడ్డు బారతాయి. తెల్లదోమ మోసుకొచ్చే తెగులది. ఈ రకం దాన్ని కొంత ఓర్చుకుంటుంది. ఇంకో లాభం, ఇది హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి పుట్టించిన సంకరం) కాదు కాబట్టి రెండు కాయలు చెట్టుకే ముదరనిచ్చి ఎండబెట్టుకుంటే మరుసటేడుకు గింజ మనదే. మా అత్తమ్మ బూడిదలో కలిపి సీసాలో పెట్టింది. వంగలో భాగ్యమతి, శ్యామల ఉంటాయి, గుత్తి వంకాయకు శ్యామల. "హైబ్రిడ్ టమోటా కాయలు బాగా కాస్తాయి గానీ దాని గింజ దాచిపెట్టొద్దు, మళ్ళీ అదే కాయ రాదు" అని చెప్పి మరీ ఇస్తాడు.

ఏ గింజ ఎప్పుడు పెట్టాలనేది ఆయన నెలల పేర్లతో, కార్తెల పేర్లతో చెప్తాడు. హైదరాబాదు వాళ్ళ వీడియోలు చూసి జూన్ మొదటి వారంలో మొక్కలు నాటేసేవాళ్ళు ఆయన దగ్గర ఒక గంట కూర్చోవాలి. మనకు అప్పుడింకా రోహిణి కార్తె దాటదు, రోళ్ళు పగిలే ఎండలవి. 44, 45 డిగ్రీల్లో టమోటా పూత కాయ కాకుండానే రాలిపోద్ది. ఆయన లెక్కలో రోహిణిలో చేసే పని ఒకటే, మట్టిని ఎండబెట్టడం. పాత బ్యాగులు గుమ్మరించి, తడిపి, మిద్దె మీద పల్చగా పరిచి, పారదర్శకంగా ఉండే పాలిథీన్ పట్ట కప్పి, అంచుల్లో ఇటుకలు పెట్టి నెలా నెలన్నర వదిలేయాలి. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు, తెగులు బూజులు ఆ వేడికి చాలామటుకు చస్తాయి. మే నెల ఎండ నెల్లూరు వాళ్ళకు దేవుడిచ్చిన మందు అంటాడాయన. ఏసీ బిల్లు కట్టేటప్పుడు నాకామాట గుర్తొచ్చి కోపమొస్తుంది.

ఆషాఢం, శ్రావణాల్లో బెండ, బీర, గోరుచిక్కుడు, సొర. చిక్కుడు కూడా అప్పుడే. నేను మాఘంలో చిక్కుడు గింజలు అడిగితే ఇవ్వలేదు. నాటు చిక్కుడుకు పగటిపొద్దు తగ్గితేనే పూత. ఎండాకాలంలో పెడితే "తీగ పాకుద్ది, పందిరి నిండుద్ది, కాయ ఒక్కటి కనపడదు" అన్నాడు. ఆషాఢంలో పెట్టిన తీగ కార్తీకానికి పూతకొచ్చి సంక్రాంతి పులుసులోకి, రథసప్తమికి అత్తమ్మ చేసే చిక్కుడుకాయల రథంలోకి, పరమాన్నం పెట్టే ఆకులకు కూడా సరిపోయింది. వంగ, మిరప, టమోటా నారు భాద్రపదంలో పోయాలి, పైన పట్ట నీడ ఉండాలి. పెద్ద వానలు తగ్గుముఖం పట్టాక పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, కావాలంటే అప్పుడు ఆ కాలీఫ్లవర్. సంక్రాంతి వెళ్ళాక ఎండాకాలం కాపుకు మళ్ళీ బెండ, దోస, బీర, తోటకూర.

నారు పోసుకునే ఓపిక లేనివాళ్ళకు షెడ్డులో ట్రే నారు దొరుకుతుంది. వంగ, మిరప బాగుంటాయి. ఒక్కటి చూసుకోండి, కాండం మొదట్లో నీళ్ళు పట్టినట్టు మెత్తబడి నల్లగా ఉంటే నారుకుళ్ళు. వానాకాలంలో ఆ ట్రే పక్కన ట్రే కూడా వద్దు.

షేడ్ నెట్ గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కొడుకు 75 శాతం నెట్, అంటే ముప్పాతిక వంతు ఎండను ఆపేది, చూపించి "ఎండ అసలు పడదక్కా" అంటాడు. ఎండ అసలు పడకపోతే బెండ మొక్క మనిషెత్తు పోతుంది, కాయ కాయదు. కూరగాయలకు 50 శాతం చాలు. చదరపు మీటరు 30 రూపాయల చొప్పున తీసుకున్నా. అది కట్టడానికి కొడుకు చెప్పింది ఇనుప పైపులు, శ్లాబులో డ్రిల్లు వేసి బోల్టులు. అప్పుడే వేలు ఖర్చుపెట్టి వాటర్‌ప్రూఫ్ చేయించిన శ్లాబుకు బెజ్జాలు!

పెద్దాయన చెప్పిన పద్ధతి వేరు. మన కోస్తాలో సరుగుడు తోటలకు కొదవ లేదు, సరుగుడు కర్రలు చవగ్గా దొరుకుతాయి. పెయింటు డబ్బాలో కర్ర నిలబెట్టి కాంక్రీటు పోయాలి. డబ్బా కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే పూత గీసుకుపోదు. పిట్టగోడ పక్కన వచ్చే కర్రల్ని గోడ చుట్టూ తాడుతో కూడా బిగించాలి. అంచులు మడిచి కుట్టిన నెట్టుకు రింగులు వేయించి, ఒక్కో రింగుకు ఒక్కో తాడు. ఆ తాడు ముడి ఎట్టా వేయాలో కౌంటరు మీద నాకు చేసి చూపించాడు. తాడు కొసను మడతపెట్టి మడతనే ముడిలోకి తోస్తాడు, చివర రెండంగుళాలు బయటికి వేలాడుతూ ఉంటుంది. గాలి ఎంత గుంజినా ఊడదు, ఆ కొస పట్టుకుని మనం ఒక్క లాగు లాగితే జారిపోద్ది. గొడ్లను కట్టేసే ముడి అది. "తుపాను కబురొస్తే నెట్టు దించడానికి నీకు నిచ్చెనెక్కే మనిషి దొరకడు. కింద నిలబడి లాగేట్టు ఉండాల" అన్నాడు. నాచేత వేయించి, ఊడదీయించి, మళ్ళీ వేయించాడు. వెనక నిలబడ్డ బేరగాళ్ళు విసుక్కుంటున్నా పట్టించుకోలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందే, అప్పుడు మనకూ గాలీ వానా దంచికొట్టింది. ముందురోజు నేను, మా అబ్బాయి కలిసి కాఫీ చల్లారేలోపు నెట్ దించేశాం. రెండిళ్ళ అవతల బోల్టులేసి బిగించిన ఫైబర్ షీటు పందిరి మాత్రం ఆ రాత్రి విరిగి వీధిలో కరెంటు తీగల మీద పడింది. తెల్లారేదాకా వీధంతా చీకటి.

నెట్ కట్టడానికి కొట్టువాళ్ళు మనిషిని పంపుతారు, కూలి 1,500. పనివాడు మంచివాడే, ఫలానా రోజు వస్తామన్న మాటే నమ్మకూడదు. పొద్దున్నే వస్తామంటారు, సెలవు పెట్టుకుని కూర్చుంటాం, సాయంత్రం ఫోన్ చేస్తే "రేపక్కా" అంటారు. డెలివరీ ఆటో కూడా అంతే. బస్తాలు గేటు దగ్గర పడేసి పోతారు, మిద్దెక్కించడానికి వేరే కూలి మాట్లాడుకోవాలి. ముందే అడగండి, లేకపోతే మీ నడుమే గతి.

చుక్కచుక్కగా నీళ్ళు పోసే డ్రిప్ సెట్ తీసుకోవద్దు. వస్తువులో లోపం లేదు, మన నీళ్ళకు అది పనికిరాదు. మా కాలనీలో బోరు నీళ్ళు ఉప్పనివి, బకెట్టుకు తెల్ల పొర కడుతుంది. ఆ నీళ్ళు సన్నటి డ్రిప్పర్లలో పోతే రెండు నెలల్లో సగం మూసుకుపోతాయి. ఏ మొక్కకు నీళ్ళు పడుతున్నాయో ఏది ఎండుతోందో తెలియదు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. మున్సిపాలిటీ నీళ్ళు వచ్చేవాళ్ళకైతే సరే. ఈ విషయం పెద్దాయన నన్నడగలేదు, ఆ రోజు ఆయన కొట్లో లేడు, నేనే నీళ్ళ సంగతి చెప్పి కొడుకుతో వాదించి మానుకున్నా. మేము ఇప్పుడు క్యాన్‌తోనే పోస్తాం. ఎండాకాలం ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి నారుకు పోస్తాం, వాటిలో ఉప్పు ఉండదు. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు మాత్రం పోయకండి, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది, ఆకు అంచులు మాడతాయి.

మందుల దగ్గర తండ్రి పిసినారితనం నాకు నచ్చింది. పేనుబంక పట్టిందని ఆకు తీసుకెళ్తే కొడుకు వెంటనే ఒక సీసా తీశాడు. తండ్రి ఆకు తిరగేసి చూసి సీసా లోపల పెట్టేశాడు. "తినేది ఇంట్లో పిల్లోళ్ళు గదమ్మా. నీళ్ళు గట్టిగా కొట్టి కడుగు, తగ్గకపోతే వేపనూనె." 1,500 పీపీఎం (మందు ఘాటు లెక్క) వేపనూనె లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం ఎండ దిగాక ఆకు అడుగున తగిలేట్టు కొట్టాలి. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు. బీరకాయలు వంకరపోయి లోపల పురుగు వస్తుంటే పండు ఈగ ఎర బుట్ట ఒకటి మిద్దె మొత్తానికి సరిపోయింది. వంగలో కొమ్మ చివర్లు వాడిపోతుంటే మందు కోసం పరుగెత్తకుండా ఆ చివర్లు తుంచి కాల్చేయమన్నాడు, లోపల పురుగుంటుందట. తుంచి చీల్చి చూశా, ఉంది, లేత గులాబీ రంగుది.

ఆశ్వయుజంలో, పెద్ద వానలకు ముందు చేసే పనుల గురించి కూడా ఆ కౌంటరు దగ్గరే విన్నా. బ్యాగుల్ని ఇటుకల మీదికి ఎత్తాలి, అడుగున నీళ్ళు పారి శ్లాబు ఆరడానికి. మిద్దె గొట్టం నోటికి జాలీ పెట్టి రెండు రోజులకోసారి ఆకులు తీయాలి. ఎండుటాకులు అడ్డుపడి మిద్దె మీద నీళ్ళు నిలిస్తే ఎంత మంచి పూత వేయించినా దండగ. ప్లాస్టిక్ ట్యాంకు మూత తాడేసి కట్టాలి. కొబ్బరి చెట్టుంటే ఎండుమట్టలు దింపించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఆయన కొట్లో సామాను అమ్మకం లేదు, జాలీ తప్ప. అది ముప్పై రూపాయలు.

లెక్క చూస్తే కూరగాయల డబ్బు మిగిలిందా అంటే, మొదటేడు లేదు. బ్యాగులు, నెట్, కర్రలు, కూలి కలిపితే సంతపేట మార్కెట్లో అంతకు రెండింతల కూరగాయలొచ్చేవి. రెండో ఏడు నుంచి ఖర్చు కంపోస్టు, గింజలే. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులున్నా పొద్దున్నే మిద్దెక్కి తోటకూర కోసుకొస్తుంది, అది లెక్కలో రాదు.

మొత్తం మీద అయిదుకు నాలుగు. ఒక మార్కు కిట్‌కూ, కుట్టు తేడా బ్యాగుల గుట్టకూ, చెప్పిన రోజు రాని మనుషులకూ కలిపి కోశా. బ్యాగులు, వర్మి, వేపపిండి, 50 శాతం నెట్, విడి విత్తనాలు, వంగ మిరప నారు ధైర్యంగా కొనండి. మిశ్రమం, కిట్ వద్దు.

పెద్దాయన పొద్దున కొట్టు తీసినప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఉంటాడు, ఆ తర్వాత కొడుకే. ఆదివారం సగం రోజే. ఫోన్‌పే తీసుకుంటారు, బిల్లు అడిగితేనే రాస్తారు, విత్తనాలకు మాత్రం తప్పకుండా రాయించుకోండి, మొలవకపోతే మార్చేది బిల్లు చూసే. వెళ్ళేముందు మిద్దె కొలతలు, కింద గోడలు ఎక్కడొస్తాయో ఒక కాగితం మీద గీసుకుని పోండి, ఆయన అడుగుతాడు. మిద్దె కారతా ఉంటే ఆ సంగతి దాచకండి. దాచి బ్యాగులు కొనుక్కోవాలంటే మధ్యాహ్నం వెళ్తే సరిపోద్ది.